వెల్డింగ్ చేసిన రాత్రి వచ్చే చలిజ్వరం గురించి కూడా రాయండి

సంపాదకుల గారికి,

నమస్కారం.

ఎండలు ముదిరితే మీ జిల్లా పేజీలో వడదెబ్బ గురించి రాస్తారు. వానలు పడితే డెంగీ, మలేరియా గురించి రాస్తారు. అవి రాయాల్సినవే. వాటితోపాటు ఇంకో జ్వరం గురించి కూడా రాయమని అడగడానికే ఈ ఉత్తరం. జింకు పూత ఉన్న జీఐ పైపుల మీద, జీఐ రేకుల మీద వెల్డింగ్ చేసినవాళ్లకు అదే రోజు సాయంత్రమో రాత్రో చలితో మొదలయ్యే జ్వరం అది. దోమ కుట్టి వచ్చేది కాదు, ఒకరి నుంచి ఇంకొకరికి అంటేదీ కాదు. పొగ పీల్చడం వల్ల వస్తుంది. డాక్టర్లు దీన్ని మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. పనిచేసే పద్ధతి మార్చుకుంటే అసలు రాకుండానే చూసుకోవచ్చు. మన ఊళ్లో పిల్లలు మాత్రం దీన్ని వృత్తితోపాటు వచ్చే కష్టం అనుకుని భరిస్తున్నారు.

నేను డి.ఫార్మసీ చదివి అనంతపురంలో మెడికల్ షాపు నడుపుతున్నాను. మా వీధిలోనూ పక్క వీధిలోనూ వెల్డింగ్ షాపులు వరసగా ఉన్నాయి. గేట్లు, గ్రిల్స్, షట్టర్లు, నీళ్ల ట్యాంకు స్టాండ్లు, గొర్రెల షెడ్లు, ఈమధ్య ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లకు స్టాండ్లు కూడా చేస్తున్నారు. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. తలనొప్పి వచ్చినా, కంటికి ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) కొట్టినా, చెయ్యి కాలినా ముందు మా షాపు మెట్లే ఎక్కుతారు.

మొన్న ఏప్రిల్‌లో ఒకబ్బాయి వచ్చాడు. రాత్రి ఎనిమిదైనా రోడ్డు మీద వేడి తగ్గలేదు, షాపులో ఫ్యాను కింద నాకే చెమటలు పడుతున్నాయి. ఆ అబ్బాయి మాత్రం జర్కిన్ జిప్పు మెడదాకా లాక్కుని, పళ్లు టకటకా కొట్టుకుంటూ నిలబడ్డాడు. కనుబొమల్లో, చెవుల వెనక విభూతి రాసుకున్నట్టు తెల్లటి పొడి. గొంతు ఎండిపోతోందన్నాడు. నోట్లో తియ్యతియ్యగా ఇనుప రుచి తగులుతోందట, బీడీ కూడా తాగబుద్ధి కావడం లేదట.

"ఈరోజు ఏం పని చేసినావ్ నాయనా?" అని అడిగాను.

"గొర్రెల షెడ్డుకు జీఐ పైపులు కొట్టినాం అక్కా. బయట గాలికి ఆర్క్ నిలబడలేదని గోడౌన్ లోపల్నే కూర్చొని చేసినాం."

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లా వచ్చిందా?"

"జీఐ పని పడినప్పుడల్లా వస్తాది. రెండ్రోజులకు పోతాది. పాలు తాగమంటాడు మా మేస్త్రి."

ఈ నాలుగు మాటల్లో జబ్బు మొత్తం ఉంది. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలిస్తేనే జాగ్రత్త పడతారు.

జీఐ అంటే తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన ఇనుము. సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ఇనుమును ముంచి తీస్తారు. ఆ పూత ఉన్నంతకాలం ముందు జింకు అరుగుతుంది, లోపలి ఇనుము క్షేమంగా ఉంటుంది. వాడుకునేవాడికి ఇది చాలా మంచి సరుకు, అందులో అనుమానం లేదు. చిక్కంతా దాన్ని వెల్డింగ్ చేసేటప్పుడు వస్తుంది. జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది, 907 డిగ్రీలకు మరిగి ఆవిరైపోతుంది. ఇనుము కరగాలంటే 1,500 డిగ్రీలు దాటాలి. అంటే ఇనుము అతుక్కునే వేడి వచ్చేలోపే దాని మీది జింకు అంతా ఆవిరై లేస్తుంది. ఆ ఆవిరి గాలి తగలగానే జింక్ ఆక్సైడ్ అవుతుంది. జీఐ మీద రాడ్డు పెట్టగానే దట్టంగా లేచే తెల్ల పొగ అదే. ఆ పొగలోని రేణువులు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి. ముక్కులో ఆగవు, గొంతులో ఆగవు, నేరుగా ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. అక్కడ వాపు మొదలై, కొన్ని గంటల తర్వాత ఒళ్లంతా జ్వరంగా బయటపడుతుంది.

ఆ కొన్ని గంటల ఆలస్యమే మోసం చేస్తోంది. పొగ పీల్చింది పగలు, జ్వరం వచ్చేది ఇంటికి పోయి స్నానం చేసి అన్నం ముందు కూర్చున్నాక. అందుకే తిన్నదో తాగిందో పడలేదనుకుంటారు, లేకపోతే మలేరియా అనుకుంటారు. ఇంట్లో అమ్మ దుప్పట్లు కప్పి, తెల్లారగానే ఆసుపత్రికి తీసుకుపోతుంది. ఈ జ్వరంలో రక్తంలో తెల్ల కణాలు పెరుగుతాయి. రిపోర్టులో ఆ అంకె చూస్తే ఇన్‌ఫెక్షన్ అనిపించడం సహజం. మలేరియా లేదని తేలుతుంది. వైడల్ టెస్టులో కొంచెం ఏదో కనబడితే టైఫాయిడ్ అంటారు. గ్లూకోజు ఎక్కిస్తారు, యాంటీబయాటిక్ ఇంజక్షన్లు వేస్తారు. ఈ జ్వరం మామూలుగా ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది కాబట్టి గ్లూకోజు వల్లే తగ్గిందని అందరూ నమ్ముతారు. మా వీధిలో ఒక హెల్పరుకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇట్లాగే జరిగింది. వారం కూలి బిల్లుకే పోయింది. మళ్లీ పనిలోకి వచ్చి అదే గోడౌన్‌లో, అవే పైపుల ముందు కూర్చున్నాడు. నిన్న ఏం పని చేశావని అతన్ని అక్కడ ఎవరూ అడగలేదు.

ఒక్క ప్రశ్న. ఓపీ చీటీ రాసేటప్పుడు జ్వరం ఎన్ని రోజుల నుంచి అని అడిగినట్టే, ఏం పని చేస్తావు, నిన్న ఏం చేశావు అని అడిగితే చాలు. అనవసరమైన యాంటీబయాటిక్ ఒక కోర్సు తప్పుతుంది. ఇది డాక్టర్లకు పాఠం చెప్పడం కాదు. ఓపీలో వందమందిని చూసేచోట వాళ్లకున్న టైం ఎంతో నాకు తెలుసు. అందుకే ఆ మాట రోగే ముందు చెప్పాలి, చెప్పాలంటే అతనికి ముందు తెలిసుండాలి.

ఇంకో విషయం మా షాపులో చాలాసార్లు గమనించాను. ఈ జ్వరాలు సోమవారం రాత్రి ఎక్కువ. దానికి కారణం ఉంది. రోజూ ఆ పొగ పీలుస్తుంటే ఒకటి రెండు రోజుల్లో ఒళ్లు తాత్కాలికంగా తట్టుకుంటుంది, జ్వరం రాదు. ఆదివారం సెలవు తీసుకుంటే ఆ తట్టుకునే గుణం పోతుంది. సోమవారం మళ్లీ మొదలు. అందుకే పాశ్చాత్య దేశాల్లో కార్మికులు దీన్ని ఎప్పటినుంచో సోమవారం జ్వరం అంటున్నారు. మన మేస్త్రీలు ఇదే చూసి "రెండ్రోజులు చేస్తే అలవాటు పడతాదిలే" అని పిల్లలకు ధైర్యం చెబుతారు. అలవాటు పడింది జ్వరానికే. పొగ లోపలికి పోవడం ఆగలేదు. వెల్డింగ్ పొగ ఏదైనా సరే మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లోనే తేల్చి, మొదటి గ్రూపులో చేర్చింది.

పాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి షాపులోనూ ఇదే నమ్మకం. పాలు మంచివే, తాగండి. కూలి పని చేసే పిల్లలకు ఒక గ్లాసు పాలు దొరకడం నాకూ సంతోషమే. కానీ పాలు పోయేది కడుపులోకి, పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి. పాలు తాగితే ఈ జ్వరం రాదనడానికి ఆధారం లేదు. బెల్లం, అరటిపండు కూడా అంతే. పాలు తాగాను కదా అన్న ధైర్యంతో మూసిన గదిలో ఇంకో గంట ఎక్కువ కూర్చోవడమే అసలు ప్రమాదం.

"జింకు మాత్రలు మీరే అమ్ముతారు కదా అక్కా, మరి జింకు పొగ చెడ్డదెట్లా అవుతాది?" అని ఒక మేస్త్రి అడిగాడు. మంచి ప్రశ్న. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్‌తోపాటు జింకు మాత్ర 14 రోజులు వాడమంటాం. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు. చెమటకాయలకు రాసే కేలమైన్ లోషన్‌లో ఉండేది సాక్షాత్తూ జింక్ ఆక్సైడే. చర్మం మీద రాసుకుంటే చల్లగా ఉంటుంది, కడుపులోకి కొలత ప్రకారం పోతే మందు. అదే సరుకు వేడి వేడి పొగగా ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు. దారి మారితే ఫలితం మారుతుందని ఆయనకు చెబితే వెంటనే అర్థం చేసుకున్నాడు.

అన్నిటికంటే ముఖ్యంగా ఒక హెచ్చరిక. తెల్ల పొగ జ్వరం రెండ్రోజుల్లో పోతుందని చెప్పి ప్రతిదాన్నీ అట్లాగే వదిలేయకూడదు. పాత సామాను పడగొట్టి తెచ్చిన ఇనుములో, కొన్ని నట్లు బోల్టుల మీద కాడ్మియం అనే ఇంకో లోహపు పూత ఉండొచ్చు. చూడ్డానికి జింకు పూత లాగే ఉంటుంది. దాని పొగకు కూడా మొదట ఇవే లక్షణాలు, చలి, దగ్గు, ఒళ్లు నొప్పులు. కానీ అది దానంతట అదే తగ్గిపోతుందని చెప్పలేం. ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. స్క్రాప్ షాపు నుంచి తెచ్చిన ముక్క ఏ పూతదో తెలియకపోతే దాని మీద రాడ్డు పెట్టకండి. పాత గేట్ల మీద వేసిన ఎర్ర ప్రైమర్‌లో సీసం ఉండొచ్చు. జింకు పూతలో కూడా కొంచెం సీసం కలిసే అవకాశం ఉంది. అందుకే పని బట్టలతో ఇంట్లో చంటిబిడ్డను ఎత్తుకోకండి, ఆ బట్టలు వేరేగా ఉతకండి.

ఇక జాగ్రత్తలు. ముందు పూత తీయాలి, తర్వాత వెల్డింగ్ చేయాలి. జాయింటుకు రెండు వైపులా రెండు నుంచి నాలుగు అంగుళాల మేర గ్రైండర్‌తో రుద్ది, లోపలి ఇనుము కనబడ్డాక రాడ్డు పెట్టాలి. గ్రైండింగ్ దుమ్ముకూ మాస్కు ఉండాలి. పైపు అయితే లోపలి వైపు కూడా జింకు ఉంటుంది, అక్కడికి గ్రైండర్ పోదు కాబట్టి పొగ పూర్తిగా ఆగదు. కాబట్టి పని ఆరుబయటే జరగాలి. ఆషాఢం గాలికి మన దగ్గర ఆర్క్ నిలవదన్నది నిజమే. గాలి వచ్చే ఒక్క వైపు టార్పాలిన్ కట్టి మిగతా మూడు వైపులూ వదిలేయండి, అంతేగానీ షట్టరు దించుకోకండి. గాలి పక్క నుంచి పొగను తీసుకుపోయేలా కూర్చోవాలి. గాలి వీపుకు కొడితే మంచిదనుకుంటారు, కానీ అప్పుడు ముఖం ముందరే సుడి తిరిగి పొగ అక్కడే ఆడుతుంది. పని దగ్గరగా చూడాలని తల సరిగ్గా పొగ మీదికి వంచడం అందరికీ ఉన్న అలవాటు, కాస్త పక్కకు జరిగితే పీల్చే పొగ చాలా తగ్గుతుంది.

ముఖానికి కట్టుకునే తువ్వాలు ఈ పొగను ఆపలేదు, కోవిడ్ నాటి నీలం రంగు సర్జికల్ మాస్కూ ఆపలేదు. ఎన్95 కానీ, భారత ప్రమాణమైన ఐఎస్ 9473 గుర్తున్న ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు కానీ ముఖానికి బిగుతుగా పట్టేటట్టు పెట్టుకోవాలి. మా షాపులో ఆ మాస్కు ఒకటి, ఒక స్ట్రిప్పు యాంటీబయాటిక్ కంటే తక్కువ ధరకు వస్తుంది. అయినా మాస్కు ఉంది కదా అని గోడౌన్‌లో కూర్చోవడం తప్పు. మూసిన గదికి మాస్కు ఒక్కటే చాలదు.

ఇదంతా పిల్లలకు చెబితే "మాకు తెలీదా అక్కా, టైం యాడుంది?" అంటారు. అందుకే ఈ ఉత్తరం వెల్డర్ల కంటే ఎక్కువగా పని చేయించుకునేవాళ్లు చదవాలని నా కోరిక. షెడ్డు వేయించుకునే రైతైనా, ఇంటి మీద స్టాండు పెట్టించుకునే ఉద్యోగి అయినా అడిగేవి రెండే ప్రశ్నలు, ఎంతకు చేస్తావు, ఎప్పటికి ఇస్తావు. రేటు కిలోల లెక్కన మాట్లాడుకుంటారు. పూత రుద్దే టైముకూ, అరిగిపోయే గ్రైండింగ్ చక్రాలకూ ఆ రేటులో చోటు లేదు. పక్క షాపువాడు రుద్దకుండానే చేసి తక్కువకు ఇస్తానంటాడు. అప్పుడు రుద్దేవాడికి పని పోతుంది. పొగ బాధ్యత ఒక్క మేస్త్రి మీదే వేయడం నాకు న్యాయంగా అనిపించదు.

పైగా ఇందులో పని చేయించుకునేవాళ్లకు వచ్చే లాభమేమీ లేదు. జీఐ కొన్నది తుప్పు పట్టకూడదనే కదా. వెల్డింగ్ వేడికి జాయింటు దగ్గర పూత మొత్తం కాలిపోతుంది, వానలకు ముందు తుప్పు పట్టేది అక్కడే. దాని మీద సిల్వర్ పెయింటు కొట్టేస్తే చూడ్డానికి కలిసిపోతుంది, కానీ అది జింకు పూతతో సమానం కాదు. జింకు ఎక్కువ శాతం ఉండే కోల్డ్ గాల్వనైజింగ్ పెయింటు వేరే దొరుకుతుంది, అది అడిగి వేయించుకోండి. అంతకంటే మంచి మార్గం, కుదిరినచోటల్లా వెల్డింగే మానేసి బోల్టులు, క్లాంపులు పెట్టించుకోవడం. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక మన వీధుల్లో ఇళ్ల మీద ప్యానెళ్లు బాగా కనబడుతున్నాయి. రంధ్రాలు ముందే వేసిన జీఐ స్టాండ్లు బోల్టులతో బిగించుకునేటట్టు వస్తాయి. వాటిని కోసి, మేడ మీద మళ్లీ అతికించమని అడగకండి. వెల్డింగ్ తప్పనిసరైతే మామూలు ఇనుముతో చేయించి తర్వాత రంగు వేయించుకోవచ్చు.

పూత త్వరగా పోతుందని కొందరు బాత్రూమ్ కడిగే యాసిడ్‌లో పైపు కొనలు ముంచుతున్నారు. దయచేసి వద్దు. ఆ ఆవిర్లు కళ్లకు, గొంతుకు మంట పుట్టిస్తాయి. జింకు, యాసిడ్ కలిస్తే హైడ్రోజన్ వస్తుంది, పక్కనే నిప్పురవ్వలు ఎగిరే చోట అది అంటుకుంటుంది. మిగిలిన నీళ్లు కాలువలో పోస్తారు, కాలువ నుంచి వంకలోకి, వంక నుంచి చెరువులోకి. జింకు కరిగిన నీళ్లు చేపలకు విషం. మన జిల్లాకు సంబంధించి ఇంకో మాట ఉంది. జింకు తక్కువైతే పంట పండదని మన రైతులు జింకు సల్ఫేటు చల్లుతారు, అది సరే. కానీ నేలలో జింకు మితిమీరితే ముందుగా దెబ్బతినే పంటల్లో శెనక్కాయ ఒకటి, ముఖ్యంగా ఆమ్ల గుణం ఉన్న నేలలో. మొక్క గిడసబారుతుంది, కాండం చీలుతుంది. శెనక్కాయనే నమ్ముకున్న జిల్లా మనది. గ్రైండింగ్ పొడి, యాసిడ్ నీళ్లు పొలం గట్టునో బోరు పక్కనో పారబోయకండి.

చట్టం ఉందా అంటే ఉంది. గాలిలో జింక్ ఆక్సైడ్ పొగ ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదని ఫ్యాక్టరీల చట్టం షెడ్యూలులో ఉండేది. కానీ 1948 నాటి ఆ చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటేనే వర్తించేది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి కార్మిక భద్రత కోడ్‌లో ఆ లెక్కను ఇరవైకి పెంచారు. ముగ్గురు, నలుగురు పనిచేసే మా వీధి షాపులు ఏ లెక్కలోకీ రావు, వచ్చి గాలి కొలిచేవాళ్లూ లేరు. ఐటీఐలో వెల్డర్ ట్రేడు చదివినవాళ్లకు ఇవన్నీ పాఠంలో చెబుతారు. మా పిల్లలు ఐటీఐ మెట్లెక్కలేదు, పదో తరగతి తప్పి హెల్పరుగా చేరి చూసి నేర్చుకున్నారు.

కాబట్టి ఐటీఐ వెల్డింగ్ మాస్టార్లు సెలవు రోజు ఒక పూట ఈ షాపులకు వచ్చి పూత రుద్దడం, గాలికి కూర్చోవడం చేసి చూపిస్తే బాగుంటుంది. మా షాపు ముందు చోటు ఇస్తాను, టీ ఖర్చు నాది. మీ పత్రిక జిల్లా పేజీలో వేసవి మొదట్లోనే ఈ జ్వరం లక్షణాలు ఒక చిన్న పెట్టెలో వేయండి. షాపు గోడకు అంటించుకునేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి, కళ్లజోడు పెట్టుకునే మేస్త్రీలు కూడా చదవగలగాలి.

ఆ పెట్టెలో ఈ మాటలు తప్పకుండా వేయండి. జీఐ పని చేసిన రాత్రి చలిజ్వరం వస్తే నీళ్లు బాగా తాగి పడుకోవాలి, పారాసిటమాల్ వేసుకోవచ్చు, పూర్తిగా తగ్గేదాకా మళ్లీ ఆ పొగలోకి పోకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంటి దగ్గర వేచి చూడకుండా డాక్టరుకు చూపించుకోవాలి. ఆయాసం పెరుగుతున్నా, ఛాతీ బిగబట్టినా, పెదాలు నీలంగా మారినా, రెండో రోజుకు కూడా తగ్గకపోయినా ఎవరైనా సరే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవాలి. డాక్టరు అడిగేదాకా ఆగకుండా, ఏ పూత ఉన్న ఇనుము మీద, ఎన్ని గంటలు, ఎట్లాంటి చోట కూర్చొని వెల్డింగ్ చేశారో ముందే చెప్పాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక మెడికల్ షాపు ఫార్మసిస్టు,
అనంతపురం.